మందుల చీటీకి టీకా తాత్పర్యము

మూలము: అన్నము తగ్గించి, కూర పెంచి, ప్రతిదినము నడవవలెను.

అవతారిక: నెల్లూరి మైపాడు రోడ్డున కాపురముండు ఒక గృహస్థుడు షుగరు పరీక్ష కాగితము చేతబట్టుకొని దిగాలుగా కూర్చుండగా, డాక్టరు పై వాక్యమును మందుల చీటీ వెనుక వ్రాసి యిచ్చెను. దస్తూరి దుర్బోధము. మందులషాపు కుర్రవాడు చదివి పెట్టినందున లోకమునకు దక్కినది.

ప్రతిపదార్థము: అన్నము = తెల్లగా పాలిషు పట్టిన బియ్యపు కూడు. మొలగొలుకుల వడ్లు పండిన ఈ సీమలో ఈ మాటకు రెండవ అర్థము లేదు. నాలుగు దోసెలు తిన్నవాడిని "అన్నం తిన్నావా" అంటే "ఇంకా లేదు" అనుటయే ప్రమాణము. తగ్గించి = మానివేసి కాదు, తగ్గించి మాత్రమే. సంగటికి మారిన బంధువులు "రాగులే గదా" అని ఒక ముద్ద అదనముగా తినుట ఈ పదమును గమనింపకనే.

కూర = ఇచట పెద్ద వివాదము. చేపల పులుసు కూరయగునా? అగునని గృహస్థుడు. ఇల్లాలి పూర్వపక్షము: "ఏందయ్యా, మామిడికాయ ముక్కలేసి రాత్రే పులుసు కాచి పెట్టింది, పిడికెడు కూడు తిని లేచేదానికా?" బలమైన వాదమే. మరునాటికి ఊరిన పులుసు గరిటె గరిటెకు అన్నమును కేకవేసి పిలుచును. అయితే పిలుచునది పులుసు, ముక్క కాదు. కావున 'పెంచి' అనునది ముక్కకు, దాని పక్కన ఉండవలసిన బీరకాయకు, గోంగూరకు అన్వయించును, పులుసుకు అన్వయింపదు. నెత్తళ్లయితే ముల్లుతో సహా నమలుదురు గనుక కాల్షియము కూడ దక్కును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన భాష్యము కంచములో సగము కూరగాయలు, పండ్లు ఉండవలెననియు, ధాన్యముల వలన వచ్చు శక్తి 45 శాతము మించరాదనియు చెప్పినది. మన కంచములో కూర నంజుకొనుటకే అంచున నిలిచియుండును.

ప్రతిదినము = గడువు లేక. వాక్యమునకు ఇదియే ప్రాణము. నెల్లూరి తిక్కన 13వ శతాబ్దిలో భారతమును ఎత్తుకొన్నది విరాటపర్వముతో. అందు భీముడు వంటవాడై ఏడాది దాగియుండెను. మనవారి డైటింగు అట్టి అజ్ఞాతవాసమే. గడువు తీరగానే పాత రూపము బయటపడును; పెండ్లి భోజనమను కీచకుడు ఎదురైనచో అంతకు ముందే.

వ్యాకరణ విశేషము: తగ్గించి, పెంచి అనునవి అసమాపక క్రియలు, వాక్యమున పూర్తియైనది నడక యొక్కటే. ఈ సూక్ష్మము గ్రహించి గృహస్థుడు తొలి వారము టిఫిన్ సెంటరు వరకు నడిచి, కారం దోసె తిని వచ్చెను.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో మొదట "రేపటినుండి" అని కలదు. అది రోగి చేర్చిన ప్రక్షిప్తము.

తాత్పర్యము: ఆరు నెలలుగా ఆ యింట మూడు హస్తాల అన్నము రెండైనది, చేపముక్క ఒకటి పెరిగినది. పులుసు గిన్నె పొయ్యి దగ్గరే ఉండును, కంచము దగ్గరికి రాదు. గృహస్థుడు లేచి వెళ్లి వడ్డించుకొనవచ్చును గాని, నడిచి వచ్చినవాడికి మరల లేచుటకు బద్ధకము.

ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదను పెద్దల మాట ఒకటి కలదు. ఇస్కపల్లి ఉప్పుకొఠార్ల సీమలో ఎండు నెత్తళ్లు కూరలో చేరునా, ఉప్పులో చేరునా? మూలములో లేదు. డాక్టరును అడుగుటకు గృహస్థుడు సాహసింపలేదు.