నాలుగు గోడలూ ఒక కప్పూ ఇప్పించండి

హూడి పరిసరాల్లో గోడలకు అనుమతులిచ్చే అధికారి గారి సముఖానికి,

విషయం: రాకెట్‌బాల్ ఆడుకోవడానికి ఇరవై అడుగుల ఎత్తు గది ఇప్పించుట గురించి.

అయ్యా,

వీసా తంటాలు పడలేక కొందరం, అమ్మానాన్నలకు దగ్గరగా ఉందామని కొందరం, అమెరికా నుంచి తిరిగొచ్చి బెంగళూరు హూడిలో కాపురం పెట్టిన తెలుగువాళ్లం. ఇక్కడ మాకేమీ లోటు లేదు. గోంగూర దొరుకుతుంది. ఆంధ్రా మెస్సులో అడక్కుండానే మారు పప్పు వేస్తారు. 2023లో మెట్రో కూడా వచ్చింది. లేనిదల్లా బంతి కొట్టుకోవడానికి గోడలే.

హూడిలో గోడలకు కరువా అని మీరు నవ్వొచ్చు. నిజమే. లేఅవుట్ చుట్టూ గోడ, ఖాళీ సైటు చుట్టూ గోడ, ఆ సైటు మీద కేసుంటే దాని ముందు ఇంకో గోడ. మాకు మాత్రం నాలుగూ ఒకచోట, పైన కప్పుతో సహా కావాలి. మా ఆటలో బంతి పక్క గోడకు తగలొచ్చు, వెనక గోడకు తగలొచ్చు, ఆఖరికి కప్పుకూ తగలొచ్చు. రెండోసారి నేల తాకేలోగా మనం కొట్టాలి, కొట్టింది నేల తాకకుండా ముందు గోడను చేరాలి.

ఇదేమీ రాజులనాటి ఆట కాదు. 1950 ప్రాంతంలో అమెరికాలోని గ్రీనిచ్ వైఎంసీఏలో జో సోబెక్ అనే ఆయన మొదలుపెట్టాడు. కొత్త భవనం కట్టమని ఎవర్నీ అడగలేదు. అప్పటికే ఉన్న హ్యాండ్‌బాల్ కోర్టులోకి పొట్టి రాకెట్ పట్టుకుని దిగాడు. తర్వాత యూనివర్సిటీల జిమ్ములకూ ఆట పాకింది. ఎం.ఎస్.కి వెళ్లిన మాకు, బయట మంచు కురుస్తుంటే, ఫీజులోనే కలిసొచ్చిన వ్యసనమిది. ఆసియాలో జపాన్‌లో ఆడతారు, కొరియాలో ఆడతారు. హూడిలో మాత్రం రాకెట్ చూపిస్తే షటిల్ కోర్టుకు దారి చెబుతారు.

షటిల్ మీద మాకు కోపం లేదు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ప్రకాశ్ పదుకొణె ఊరిది. 2001లో అదే టైటిల్ తెచ్చిన మన గోపీచంద్ కూడా ఆయన అకాడమీలోనే సానదేరాడు. అయితే ఆ పదుకొణె గారు చిన్నప్పుడు ఎక్కడ ఆడారో తమకు తెలుసు కదా? మల్లేశ్వరంలో కెనరా యూనియన్ వారి కళ్యాణ మండపంలో, పెళ్లిళ్లు లేని రోజుల్లో. అంటే మన ఊళ్లో కూడా ఆట పెరిగింది అరువు గదిలోనే.

కొలతలు చూడండి. షటిల్ డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. మాది 40 పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు. షటిల్‌కిచ్చే జాగాలోనే మేమూ సర్దుకుంటాం.

అదీ కుదరదంటే స్క్వాష్ కోర్టు ఉంది. పొడవు 32 అడుగులే, వెడల్పు 21. బ్రిటన్‌లో 1976లో ఇయాన్ రైట్ అనే ఆయన అందులోనే ఆడేలా మా ఆటలో ఒక రకం తయారుచేశాడు. ఇప్పుడు దాన్ని స్క్వాష్ 57 అంటున్నారు. అందులో కప్పుకు తగిలితే పాయింటు పోతుంది. అయినా స్క్వాష్ బంతి కంటే పెద్ద బంతి, బాగా ఎగురుతుంది కనుక మోకాళ్లు అరిగిన మాబోటి వాళ్లకు హాయి.

మరి ఆ స్క్వాష్ కోర్టులెక్కడున్నాయి? అపార్ట్‌మెంట్ బ్రోషర్లలో ఉన్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన “ఏ ఫ్లాటు సార్?” అంటాడు. ఏ ఫ్లాటూ కాదంటే అక్కడితో ఆట సమాప్తం. తెలిసినవాళ్లను పట్టుకుని లోపలికెళ్తే, ఆ కోర్టులో నిరుటి వినాయక చవితి పందిరి సామానూ, ఆగిపోయిన ట్రెడ్‌మిల్లూ విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి.

కాబట్టి మా విన్నపాలు:

1. క్లబ్‌హౌసుల్లో ఊరికే పడివున్న స్క్వాష్ కోర్టులను, ఎవరూ ఆడని వేళల్లోనైనా, రుసుము తీసుకుని ఇరుగుపొరుగుకు తెరిపించండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ తొలిసారి అడుగుపెడుతోందని కమిటీల వారి చెవిన వేయండి. కనీసం ట్రెడ్‌మిల్లయినా కదులుతుంది.

2. ఇకముందు ఆటల భవనం ప్లాను మీ బల్ల మీదికొస్తే, ఒక్క గదికి 20 అడుగుల ఎత్తు రాయించండి. గోడ కట్టాక కప్పు పైకెత్తడం ఎవరి తరమూ కాదు.

3. ఈలోగా, ఆషాఢ మాసంలో ఒక కళ్యాణ మండపం ఇప్పించండి. ఎటూ ముహూర్తాలుండవు. షాండిలియర్లు మాత్రం ముందే దింపించండి, వాటికి మాది పూచీ కాదు.

ఇట్లు,
తమ విధేయులు,
రాకెట్లు సంచి దాటని హూడి తెలుగువాళ్లు

తా.క.: ఈ ఉత్తరం చదివే అపార్ట్‌మెంట్ వాసులకు ఒక మనవి. మీ స్క్వాష్ కోర్టు తాళం ఎవరి దగ్గరుందో వచ్చే కమిటీ మీటింగులో ఒక్కసారి అడగండి. తెరిచిన రోజున మాకు కబురు పెట్టండి, సామాను మోయడానికి మేమే వస్తాం.