ఆలూ చూలూ లేదు, ర్యామ్ మాత్రం పదహారు

బషీర్‌బాగ్ నుంచి అశోక్‌నగర్ దాకా ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా, పక్క బల్ల దగ్గర ఇంకా పుట్టని ఫోను గురించి మాటలు వినపడతాయి. దాని బ్యాటరీ ఎంతో, కెమెరాలు ఎన్నో, ధర ఎక్కడ ఆగుతుందో ఆ నలుగురికీ తెలుసు. తయారుచేసే కంపెనీకే ఇంకా తేలలేదు. ఈ విద్యలో పేరు తెచ్చుకోవాలని కుర్రాళ్లు చాలామంది ఉబలాటపడుతున్నారు. పద్ధతి తెలియక, తొందరపడి నిజాలు చెప్పేసి, నలుగురిలో పరువు పోగొట్టుకుంటున్నారు. వాళ్ల మేలు కోరి ఈ సలహాలు.

ముందు ఒక బంధువును సంపాదించండి. హైదరాబాద్‌లో ఇదేమీ కష్టం కాదు. స్నాప్‌డ్రాగన్ చిప్పుల క్వాల్‌కామ్‌కు ఇక్కడ పెద్ద ఆఫీసే ఉంది. వన్‌ప్లస్ కూడా 2019లో ఇక్కడే ఆర్ అండ్ డీ కేంద్రం పెట్టింది. "మా వదిన తమ్ముడు ఆడనే చేస్తడు" అంటే చాలు, బల్ల మొత్తం మీ వైపు తిరుగుతుంది. ఆ అబ్బాయి జీతాల లెక్కలు చూస్తాడో, క్యాంటీన్ కూపన్లు చూస్తాడో ఎవరూ అడగరు. నిజంగా చిప్పుల విభాగంలోనే ఉన్నా వాడు నోరు విప్పడు. చేరిన రోజే, గుట్టు బయటపెట్టనని సంతకం పెట్టి ఉంటాడు. మీకు కావలసిందీ అదే.

"అన్నా, గాయన నిజంగ చెప్పిండా?"

"చెప్పలే తమ్మీ. అడిగితే ఊకెనే నవ్విండు."

ఆ నవ్వులోంచి 3 నానోమీటర్ల చిప్పు, 16 జీబీ ర్యామ్, 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ వరసగా బయటికి తియ్యగలిగినవాడే ఈ విద్యకు అర్హుడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే వెక్కిరించారు. ఆ సోమలింగానికి నక్షత్రం, రాశి చూసి, కట్నం కూడా ఖాయం చేసే రోజులొస్తాయని పాపం వాళ్లకేం తెలుసు!

అలాంటి బంధువు లేని అభాగ్యులకు బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఉంది. మన దేశంలో ఫోను అమ్మాలంటే ముందుగా అక్కడ రిజిస్టర్ చేయించాలి. కాబట్టి విడుదలకు ముందే ఆ జాబితాలో పేరు కనపడుతుంది. అందులో ఉండేది కంపెనీ పేరు, మోడల్ నంబరు, రిజిస్ట్రేషన్ వివరాలు. కెమెరా ఊసు ఉండదు, ర్యామ్ ఊసు అసలుండదు. మీరు మాత్రం ఆ నంబరు నుంచే మొత్తం ఫోను నిర్మించాలి. శాంసంగ్ ఎస్23 అల్ట్రా నంబరు ఎస్ఎం-ఎస్918బి, ఎస్24 అల్ట్రాది 928బి, ఎస్25 అల్ట్రాది 938బి. చూశారుగా, మధ్య అంకె ఏటా ఒకటి పెరుగుతోంది! దాన్ని పట్టుకుని బ్యాటరీ కూడా పెరిగి తీరుతుందని వాదించండి. 2020లో వచ్చిన ఎస్20 అల్ట్రా నుంచి 2025 నాటి ఎస్25 అల్ట్రా దాకా ఆరు ఫోన్లలోనూ బ్యాటరీ అదే 5,000 ఎంఏహెచ్ అని ఎవరైనా గుర్తుచేస్తే, "ఈసారి వేరే కథ" అని గ్లాసు కింద పెట్టండి. ఆ ఐదేళ్లూ "పోయినేడాది ఎంతో ఈ ఏడాదీ అంతే" అన్నవాడి మాటే ప్రతిసారీ నిజమైంది. కానీ అలా చెప్పినవాడి పక్కన ఎవరు కూర్చుంటారు? వాడి పేరు కూడా ఎవరికీ గుర్తులేదు.

గీక్‌బెంచ్ స్కోర్లు ఇంకా మంచి సరుకు. ఫోను వేగం కొలిచే ఆ పరీక్షను ఎవరి ఫోనులో వాళ్లు నడిపి ఫలితం ఎక్కించవచ్చు. కొంచెం చేతివాటం ఉన్నవాడు ఫోను పేరు కూడా మార్చి ఎక్కించగలడు. మీకు అందిన స్క్రీన్‌షాట్ మరీ స్పష్టంగా ఉంటే నమ్మరు. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారనివ్వండి. అంకెలు అలుక్కుపోయి, మూల మీద ఎవరిదో వేలు పడ్డ ఫొటోకున్న విలువ అసలు పత్రానికి ఎప్పుడూ రాదు.

పోటీ పరీక్షల అభ్యర్థులు తిరిగే అశోక్‌నగర్ సందుల్లో మాత్రం "లీక్" అని గట్టిగా అనకండి. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కడంతో 2023 మార్చిలో రద్దయింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ అభ్యర్థి ఆ మాట వింటే ముందు మీ వైపు చూస్తాడు, తర్వాత ప్లేటు పక్కన పెడతాడు. అక్కడ "సమాచారం అందింది" అనండి చాలు.

ఇక మెగాపిక్సెళ్లు. ఇక్కడ మీరు ఎంత పెద్ద అంకె చెప్పినా తప్పు పట్టేవాడు లేడు. 200 మెగాపిక్సెళ్ల ఫోన్లు 2022లోనే వచ్చేశాయి కాబట్టి 400 అనండి, 500 అనండి. ఆ 200 మెగాపిక్సెళ్ల సెన్సర్ మామూలుగా ఫొటో తీసినప్పుడు పక్కపక్కనున్న పదహారు పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కేస్తుందనీ, చివరికి చేతికొచ్చేది 12 మెగాపిక్సెళ్ల బొమ్మేననీ పొరపాటున కూడా అనకండి. చీకట్లో ఫొటో బాగా రావడానికి సెన్సర్ సైజు, లెన్సు, వెనకాల పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమని చెబితే మిమ్మల్ని ఎవరో మాస్టారనుకుని లేచిపోతారు. ఎవరైనా అనుమానంగా చూస్తే సుదర్శన్ థియేటర్ ముందు నిలబడి తీసిన కటౌట్ ఫొటో ఒకటి చూపించి, హీరో మీసం వెంట్రుకలు లెక్కపెట్టమనండి. ఏ ఫోనుతో తీశారని అడిగితే మాట మార్చండి.

ర్యామ్ విషయంలో కంపెనీలే మీ శ్రమ తగ్గించాయి. 8 జీబీ ఫోను డబ్బా మీద "8 ప్లస్ 8" అని రాసి పదహారు చేస్తున్నాయి. ఆ రెండో ఎనిమిది స్టోరేజీ నుంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ కంటే బాగా నెమ్మది. మీరు ఒక అడుగు ముందుకేసి, ఆ పదహారుకు ఇంకో పదహారు కలపండి. ఐఫోన్ భక్తులకు అసలు అదృష్టం వేరే ఉంది. ఆపిల్ తన ఫోన్ల వివరాల పట్టికలో ర్యామ్ ఎంతో రాయదు, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్చో కూడా రాయదు. అంటే ఫోను కొట్లోకి వచ్చాక కూడా, ఐఫిక్సిట్ లాంటివాళ్లు స్క్రూలు విప్పేదాకా, మీరు నిశ్చింతగా జోస్యం చెప్పుకోవచ్చు. ఇంత వెసులుబాటు పంచాంగకర్తలకైనా లేదు.

జోస్యం తప్పితే ఎలా అని కొందరు బెంగ పెట్టుకుంటారు. తప్పదు. అంటే, తప్పని జోస్యమే ఉండదు, అయినా తప్పినట్టు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ రంగంలో తలపండిన మింగ్-చీ కువో 2021 ఆగస్టులో ఐఫోన్ 13కు శాటిలైట్ కనెక్షన్ ఉంటుందన్నారు. సెప్టెంబరులో ఫోను వచ్చింది, అది మాత్రం రాలేదు. మరుసటేడు ఐఫోన్ 14లో వచ్చింది. ఐఫోన్ 15 ప్రోకు నొక్కితే కదలని బటన్లు వస్తాయన్నారు. 2023లో కదిలే బటన్లే వచ్చాయి. ఆయన గౌరవానికి ఏ లోటూ రాలేదు. ఆయన ఆసియాలోని విడిభాగాల కంపెనీల్లో వాకబు చేసి చెబుతారు, చాలాసార్లు నిజమవుతుంది కూడా. మీకు ఆ కష్టం అక్కర్లేదు. ఏమొస్తుందో చెప్పండి, ఏ సంవత్సరమో చెప్పకండి. ఐదేళ్లలో ఏదో ఒక ఫోనులో ఏదో ఒకటి రాకపోదు. వచ్చిన రోజు "నేను అప్పుడే అనలేదా?" అనడానికి గొంతు సిద్ధంగా ఉంచుకోండి.

2010లో ఆపిల్ ఇంజనీరు ఒకాయన కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీ బార్లో ఐఫోన్ 4 నమూనా మరచిపోతే, గిజ్మోడో వెబ్‌సైట్ వాళ్లు 5,000 డాలర్లిచ్చి కొన్నారన్న కథ చదివి కొందరు నారాయణగూడ బార్లలో కాపలా కాస్తున్నారట. వద్దు. ఇక్కడ మరచిపోయేది హెల్మెట్లే.

ధర దగ్గరికొస్తే ధైర్యం ఇంకా ఎక్కువ కావాలి. జియోఫోన్ నెక్స్ట్ మంచి పాఠం. 2021 జూన్ 24న రిలయన్స్ వార్షిక సమావేశంలో ప్రకటించారు, వినాయక చవితికి వస్తుందన్నారు. చిప్పుల కొరత అని దీపావళికి జరిపారు. ఈలోగా నాలుగు వేల లోపే అని ఊరంతా నమ్మింది. తీరా 6,499 రూపాయలకు వచ్చింది. ర్యామ్ 2 జీబీ, బ్యాటరీ 3,500 ఎంఏహెచ్. తయారైన చోట్లలో తిరుపతి కూడా ఒకటి. ఏడుకొండలవాడి ఊళ్లో తయారైనా ధర విషయంలో మొక్కులు ఫలించలేదు. అంతకు ముందు 2016 ఫిబ్రవరిలో నోయిడాకు చెందిన రింగింగ్ బెల్స్ అనే కంపెనీ 251 రూపాయలకే స్మార్ట్‌ఫోన్ అంది. విలేకరులకిచ్చిన నమూనా ఫోను మీద ఉన్న ఆడ్‌కామ్ అనే వేరే కంపెనీ పేరును వైట్‌నర్‌తో కప్పారు. ఇది మీకు మార్గదర్శకం కావాలి. జేబులో ఒక వైట్‌నర్ సీసా పెట్టుకుంటే ఏ స్పెసిఫికేషన్ అయినా సరిదిద్దవచ్చు.

మన దగ్గర నిజంగా తయారైన వాటి జోలికి మాత్రం పోకండి, అక్కడ ఊహకు తావు లేదు. ఆకాశ్ ట్యాబ్లెట్ ఉంది. 2011 అక్టోబరు 5న విడుదల చేశారు, తొలి విడతను హైదరాబాద్‌లోనే అమర్చారు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేనే స్పందించే తెర. వాడినవాళ్లున్నారు కాబట్టి మీ పప్పులుడకవు. సెల్‌కాన్ ఫోన్లూ అంతే, అది మన హైదరాబాద్ కంపెనీ. 2013లో ధోని ఆఖరి ఓవర్లో శ్రీలంక మీద గెలిపించిన వెస్టిండీస్ ముక్కోణపు టోర్నీ పేరు సెల్‌కాన్ మొబైల్ కప్పే. షావోమి మన దేశంలో తయారుచేసిన తొలి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను శ్రీసిటీ ఫ్యాక్టరీలో చేయించి, 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేసింది, ధర 6,999. తేదీ, ఊరు, ధర అన్నీ తెలిసిపోయాయి. ఇక దాని గురించి మాట్లాడి ఏం లాభం?

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మీ చేతిలో ఉన్న ఫోను విషయంలో. అది ఎంత పాడైతే రాబోయే ఫోను మీద మీ మాటకు అంత బరువు. మీ చార్జింగ్ పిన్ను వదులైంది. కేబుల్ పెడితే నిలవదు. రబ్బరు బ్యాండు వేసి, కింద అగ్గిపెట్టె ఎత్తు పెట్టి, ఫోనును బోర్లా పడుకోబెడితే పదిలో నాలుగుసార్లు చార్జ్ ఎక్కుతుంది. అలాగే ఉంచండి. అబిడ్స్ జగదీష్ మార్కెట్ వైపు చచ్చినా వెళ్లకండి. అక్కడ బల్ల ముందు కూర్చున్న కుర్రాడు టార్చి వేసి లోపలికి చూస్తాడు, సన్నటి సూది పెట్టి మెల్లగా గీకుతాడు. ప్యాంటు జేబులోని నూలు పోగులు, దుమ్ము కలిసి అట్ట కట్టిన ముద్ద ఒకటి బయటికి వస్తుంది. కేబుల్ టక్కుమని కూర్చుంటుంది. "ఇంకేం లేదు సార్, కచ్రా నిండింది" అంటాడు. అంతటితో కొత్త ఫోను కొనడానికి మీకున్న ఏకైక కారణం ఆ సూది మొనకు చిక్కుకుని పోతుంది. బ్యాటరీ మార్పించే ఆలోచనా చెయ్యకండి. రెండేళ్లు వాడిన ఫోను బ్యాటరీ మార్చగానే మళ్లీ రోజంతా నిలబడితే, మీరు ఏ ముఖం పెట్టుకుని 7,000 ఎంఏహెచ్ గురించి మాట్లాడతారు?

కొనడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. కొన్నవాడికి అనుభవం వస్తుంది, అనుభవం వచ్చినవాడు జోస్యానికి పనికిరాడు. ఆగడానికి కారణాలు క్యాలెండర్ నిండా ఉన్నాయి. ఏడాది మొదట్లో శాంసంగ్, సెప్టెంబరులో ఐఫోన్, దసరాకు ఆఫర్లు, దీపావళికి ఇంకా ఆఫర్లు, ఆ తర్వాత కొత్త స్నాప్‌డ్రాగన్ ఫోన్లు, సంక్రాంతికి మళ్లీ మొదలు. ఏ నెలలో అడిగినా "ఇంకో నెల ఆగు" అని చెప్పవచ్చు. అందులో అబద్ధం కూడా లేదు, ఆగితే ఇంకోటి వస్తుంది. ఆగి ఆగి చివరికి తమ్ముడి పెళ్లి ఫొటోలు పగిలిన తెర మీద చూసుకున్నా చింతించకండి.

విడుదల రోజు రాత్రి బల్ల దగ్గరికి రాకండి. అసలు పట్టిక అప్పుడే పూర్తిగా, ఉచితంగా, తప్పుల్లేకుండా అందరి చేతికీ వస్తుంది. మీకు అంతకంటే గడ్డురోజు ఉండదు. మర్నాడు వచ్చి దాని తర్వాతి మోడల్ గురించి మొదలుపెట్టండి.

నిజంగా ఫోను అవసరమైనవాళ్లకు ఇందులో ఒక్క సలహా కూడా పనికిరాదు. వాళ్లు నారాయణగూడ, హిమాయత్‌నగర్ దుకాణాల్లో ఇప్పటికే అమ్ముతున్న ఫోన్లు రెండు మూడు చేతిలోకి తీసుకుని చూసి, సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో అడిగి, డబ్బుకు సరిపడేది కొనుక్కుని ఇంటికి వెళ్లవచ్చు.