పిడుదుల మీద ఈ సలహాలు వినకండి

వానలు పట్టి గడ్డి లేచేసరికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పశువులకు పిడుదులు విరగబడతాయి. వాటితోపాటే సలహాలూ పుట్టుకొస్తాయి. నారాయణవలస సంతలో అడిగినా, మానాపురం సంతలో అడిగినా ప్రతివారి దగ్గరా ఒక చిట్కా సిద్ధంగా ఉంటుంది. వాటిలో చాలావాటివల్ల పశువుకు కీడే జరుగుతుంది. పిడుదు నెత్తురు తాగే పురుగు మాత్రమేనన్న అపోహే ఈ తప్పులన్నిటికీ మూలం. అది తాగేదానికన్నా ఉమ్మేదే ప్రమాదం.

1. “ఆవన్నాక పిడుదులుండవేటి? కాసింత రగతం తాగితే ఏటవుద్ది?”

ఒకసారి గంగడోలు ముడతలు విడదీసి చూడండి. చెవి లోపల, పొదుగు పక్కన, తోక మొదట్లో చూడండి. ఆముదపు గింజంత ఉబ్బి, బూడిదరంగులో వేలాడేది కడుపు నిండిన ఆడ పిడుదు. రోజుల తరబడి కరిచి పట్టుకున్నా చాలాసార్లు పశువుకు తెలియదు. దాని ఉమ్మిలో నొప్పి తెలియనివ్వని పదార్థాలున్నాయి, నెత్తురు గడ్డకట్టనివ్వనివి ఉన్నాయి, కరిచినచోట ఒంటి రక్షణశక్తిని అణిచేవీ ఉన్నాయి. తాగిన నెత్తురులోని అదనపు నీటిని ఉమ్మిగా మార్చి తిరిగి పశువు ఒంట్లోకే వదులుతుంది. రోగక్రిములు లోపలికి పోయేది ఆ దారినే.

కొన్ని జాతుల ఉమ్మి నేరుగా విషమే. ఆస్ట్రేలియా తూర్పుతీరంలో ఉండే ఇక్సోడిస్ హోలోసైక్లస్ ఒక్కటి పట్టినా కుక్కకు మొదట వెనకకాళ్లు పడిపోతాయి, తరవాత ఊపిరి ఆగిపోవచ్చు. ఆఫ్రికాలో హయలోమా ట్రంకాటం విషంవల్ల దూడల చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడుతుంది. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అలా పడగొట్టదు గానీ మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, దూడకు నెత్తురు లేకుండా చేస్తుంది. అందుకే రెండు రోజులకోసారైనా పశువు ఒళ్లంతా తడిమి చూడాలి.

2. “గోటితో పీకి అవతల పారేయ్.”

ఉబ్బిన ఆడ పిడుదు ఎలాగూ రాలిపోయి గుడ్లు పెట్టడానికే సిద్ధంగా ఉంటుంది. దాన్ని సాలలోనే పారేస్తే దాని పని మీరే చేసిపెట్టినట్టు. గోడ పగుల్లోనో పేడ కిందనో చేరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. గోటితో నలిపితే దాని ఒంట్లోని క్రిములు మీ చేతికి అంటుతాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. తీసినవాటిని మూతున్న డబ్బాలో సబ్బునీళ్లలో వేసి చంపండి. తరవాత చేతులు కడుక్కోండి.

3. “కిరసనాయిలు పూసీ, లేకపోతే బీడీతో సురక పెట్టీ.”

కిరసనాయిలుకూ, ఇంజన్ ఆయిలుకూ పశువు చర్మం పొక్కుతుంది. పశువు నాక్కుంటే అదంతా కడుపులోకి పోతుంది. నిప్పుతో కాల్చితే పశువుకు పుండు మిగులుతుంది. పైగా బాధపడ్డ పిడుదు వదిలిపోయేముందు ఇంకాస్త ఉమ్మి లోపలికి వదిలే ప్రమాదం ఉంది.

4. “సేలోకి కొట్టీ మందు మిగిలిపోనాది గదా, అదే పూసీ.”

అన్నిటికన్నా ప్రాణాంతకమైన సలహా ఇది. మోనోక్రోటోఫాస్ లాంటి పంట మందులు చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. గంటల్లోనే పశువుకు నోట చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, కంటిపాప చిన్నదైపోతుంది, ఊపిరి ఆడక పడిపోతుంది. బతికినా ఆ పాలలో మందు ఉంటుంది, ఆ పాలు మీ పిల్లలే తాగుతారు.

పశువులకని తయారుచేసిన డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటి మందులు ఉన్నాయి. పశువైద్యులు చెప్పిన పాళ్లలోనే కలపండి. చిక్కగా కలిపితే బాగా పనిచేస్తుందనుకోవడం తప్పు. ముందు పశువుకు కడుపునిండా నీళ్లు పట్టి, ఎండ లేని వేళ, పుండ్లు లేని చర్మానికి పట్టించండి. మిగిలిన మందునీళ్లు చెరువులో పోయకండి, డెల్టామెత్రిన్ చేపలను చంపేస్తుంది. పాడిపశువుకు ఐవర్‌మెక్టిన్ సూది డాక్టరు చెప్పకుండా వేయించకండి, అది పాలలోకి దిగుతుంది.

5. “ఆవుకి రాసీసినాం గదా, సాలకెందుకు?”

ఆవు మీద కనిపించేవి కొన్నే. గుడ్లూ, వాటినుంచి వచ్చిన పిల్లలూ గోడ నెర్రెల్లో, గాటి కింద, గడ్డి మొదళ్లలో కాచుక్కూర్చుంటాయి. నెర్రెలు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చండి, గోడలకు సున్నం కొట్టండి, పేడ ఏరోజుకారోజు దూరంగా వేయండి. మైక్రోప్లస్ పిల్ల ఆవునెక్కి ఉబ్బిన పిడుదై రాలడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఒక్కసారి మందు కొట్టి ఊరుకోకండి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ కొట్టండి. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే పిడుదులు దానికి లొంగవు. మన దేశంలో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు చాలాచోట్ల అదే జరిగింది.

కోళ్ల గూడునూ చూడండి. ఆర్గస్ పెర్సికస్ అనే కోళ్ల పిడుదు పగలు చెక్కల సందుల్లో దాక్కుని, రాత్రి నెత్తురు తాగుతుంది. దాని పిల్లలు మాత్రం కోడి ఒంటిని రోజుల తరబడి వదలవు. వాటి విషానికి కోడిపిల్లలకు కాళ్లూ రెక్కలూ చచ్చుబడతాయి. అది తెగులనుకుని వదిలేయకుండా రెక్కల కింద వెతకండి.

6. “జొరమేటి, దిష్టి తగిలీసినాది. వాతలు పెట్టించు.”

పిడుదులున్న పశువుకు జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. భుజం ముందు గ్రంథులు ఉబ్బి, మేత మాని, 104 డిగ్రీలు దాటితే అది థైలేరియా కావచ్చు. మూత్రం కాఫీ రంగులో వస్తే బెబీషియా కావచ్చు. ఆవుల్లో ఈ జబ్బును పిడుదే మోస్తుందని 1893లో అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ రుజువు చేశారు. జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర ఆవులు థైలేరియాకు నాటు ఆవులకన్నా తొందరగా పడిపోతాయి. దీనికి బుపార్వాక్వోన్ సూది ఉంది, అయితే తొలిదశలో వేస్తేనే ఫలితం. వాతలు పెట్టించి పోగొట్టుకునే రెండు మూడు రోజుల్లోనే పశువు చేయి దాటిపోతుంది. సంకర దూడలకు థైలేరియా టీకా గురించి ముందే అడగండి. పిడుదు పట్టిన మొదటి రోజునే థైలేరియా ఎక్కదు. క్రిమి దాని ఉమ్మి గ్రంథుల్లో పక్వానికి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోపు తీసేస్తే జబ్బునే ఆపినట్టు.

సలహా కావాలంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుణ్ని అడగండి. పశువు లేవలేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. ఇన్ని ఉండగా, పక్కింటివాడి మాటకు పాడిపశువు ప్రాణాన్ని పణంగా పెట్టకండి.