డిగ్రీ అడిగేవాళ్ళు, పాస్‌పోర్టు రంగు కాదు

దేశం ఎంచుకోవడమట! మా రోజుల్లో దేశాన్ని మేమెక్కడ ఎంచుకున్నాం? అదే మమ్మల్ని ఎంచుకునేది. ఇంగ్లీషు టీచర్లు కావలెనని పేపర్లో చిన్న ప్రకటన పడేది. దరఖాస్తు టైపు కొట్టించి పంపితే ఇంటర్వ్యూకి రమ్మని కవరొచ్చేది. ఉద్యోగం ఖాయమయ్యాకే అట్లాసు తెరిచి ఆ ఊరు ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళం. నాకు ఇథియోపియా పడింది. "అబిసీనియాయేనా?" అన్నారు మా నాన్న. ఆయన బళ్ళో చూసిన పటంలో పేరు అదే మరి. రిజర్వు బ్యాంకు వాళ్ళు దయతలచి ఇచ్చిన 8 డాలర్లు జేబులో పెట్టుకుని, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని బొంబాయిలో విమానం ఎక్కాను.

ఇప్పుడు మా అన్నయ్య మనవరాలుంది. హైదరాబాదులో ఇఫ్లూలో ఎమ్మే ఇంగ్లీషు చేసింది, పైన బీఎడ్ కూడా ఉంది. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ పదిహేనేళ్ళు స్థిరంగా ఉండటానికి ఏ దేశమైతే బాగుంటుందా అని ఆర్నెల్లుగా పరిశోధన చేస్తోంది. పరిశోధనంటే లైబ్రరీ అనుకునేరు, వీడియోలు చూడటం. ఒక దాంట్లో తెల్ల కుర్రాడొకడు సముద్రం ఒడ్డున కొబ్బరిబోండాం తాగుతూ, థాయ్‌లాండులో టీచరు బతుకు ఎంత హాయో అరగంట చెప్పాడు. ఆ అరగంటలో బడి గానీ బల్ల గానీ ఒక్క పిల్లకాయ గానీ కనపడితే ఒట్టు.

పిల్ల తెలివైంది, కాదనను. కంప్యూటర్లో పెద్ద పట్టిక వేసింది. అడ్డంగా దేశాలు, నిలువుగా జీతం, అద్దె, వీసా, వాతావరణం, శాకాహారం, ఇంటర్నెట్ వేగం. అన్ని గడుల్లోనూ వెతికాను. వచ్చేసేటప్పుడు చేతికేమొస్తుంది అన్న గడి మాత్రం లేదు. "అప్పుడే వచ్చేయడం గురించి ఎందుకు తాతయ్యా, ఇంకా వెళ్ళందే!" అంది. ఆ ఆలోచన వెళ్ళకముందే చెయ్యాలే తల్లీ. వెళ్ళాక చేసేదేముంది?

నేను వెళ్ళేనాటికి అక్కడ హైలీ సెలాసీ చక్రవర్తి ఏలుబడి. ఏడో తరగతి నుంచి పై చదువులన్నీ ఇంగ్లీషులోనే, చెప్పేవాళ్ళు మాత్రం చాలరు. అందుకని 1962 నుంచి అమెరికా పీస్ కోర్ కుర్రాళ్ళు వస్తుండేవారు, వాళ్ళకంటే ముందు నుంచే మనవాళ్ళు ఉండేవారు. మలయాళీలు ఎక్కువ, మనం కాస్త. కాఫీ తోటల మధ్య జిమ్మా అనే ఊళ్ళో మా బడి. స్టాఫ్‌రూములో ఒక బల్లకి అటు అమెరికా వాడు, ఇటు నేను. అతను రెండేళ్ళుండి వెళ్ళిపోయే మనిషి, నేను సంసారంతో వచ్చిన మనిషి. నీ మాతృభాష ఏమిటయ్యా అని హెడ్మాస్టరు ఎన్నడూ అడగలేదు. డిగ్రీ చూశాడు, హైదరాబాదు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వారి డిప్లొమా చూశాడు, పదకొండో తరగతి వ్యాకరణం నాకే అప్పగించాడు. 1958లో పెట్టిన ఆ సంస్థే ఇప్పుడు మా పిల్ల చదివిన ఇఫ్లూ. కాగితం అదే ఇంటిది. విలువే వేరు.

ఆ దేశంలో గడియారం కూడా మనది కాదు. తెల్లారి ఆరుకి లెక్క మొదలు, అంటే మన ఏడు వాళ్ళకి ఒంటిగంట. కొత్తగా వచ్చిన కొట్టాయం మాస్టారిని రెండింటికి రమ్మంటే ఆయన మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వచ్చాడు. బడి పొద్దున ఎనిమిదింటికే మొదలైపోయింది! ఏడాదికి పదమూడు నెలలు, ఆఖరిది అయిదారు రోజుల బుల్లి నెల. జీతం మాత్రం పన్నెండు నెలలకే. టెఫ్ అనే సన్న గింజల పిండి పులియబెట్టి పోసే ఇంజెరా మన పుల్లట్టుకి పెద్దన్నయ్య, దాంతో మా ఆవిడ ఆవకాయ నంజుకు తినేది. బిర్రు గట్టిగా ఉండేది. డాలరుకి రెండు బిర్రుల పైచిలుకు. మన రూపాయల్లోకి మారిస్తే నెలాఖరున మనసు చల్లబడేది.

ఇక్కడే ఉండిపోదాం అనుకున్నాం. అందరం అలాగే అనుకుంటాం.

1974 ఫిబ్రవరిలో విద్యా సంస్కరణలు వద్దంటూ అక్కడి ఉపాధ్యాయులు సమ్మెకి దిగారు. టాక్సీ వాళ్ళు కలిశారు, సిపాయిలు కలిశారు. సెప్టెంబరులో చక్రవర్తిని గద్దె దింపారు. దెర్గ్ అనే సైనిక కమిటీ వచ్చి, పై రెండు తరగతుల పిల్లల్నీ యూనివర్సిటీ విద్యార్థుల్నీ అక్కడి టీచర్లనీ కలిపి దాదాపు 60,000 మందిని పల్లెల్లో చదువు చెప్పమని, భూసంస్కరణ వివరించమని తోలేసింది. మంచి పనే కావచ్చు. నా పదకొండో తరగతి గదికి మాత్రం తాళం పడింది. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పాఠం వినేవాళ్ళే లేరు. వీధుల్లో తుపాకులు. నా కాంట్రాక్టులో తిరుగు టిక్కెట్టు ఇస్తామన్న ఒక వాక్యం ఉండబట్టి పెళ్ళాం పిల్లలతో గౌరవంగా ఇల్లు చేరాను. ఆ వాక్యం లేనివాళ్ళు బంగారం అమ్ముకుని వచ్చారు.

తర్వాత నైజీరియా. 1976లో అక్కడ అందరికీ ఉచిత ప్రాథమిక విద్య అన్నారు, చమురు డబ్బు పొంగుతోంది. దేశదేశాల నుంచి టీచర్లని రప్పించుకున్నారు. నేనున్నది ఉత్తరాన, హర్మట్టాన్ గాలి వీస్తే పుస్తకం మీద ఎర్రదుమ్ము పేరుకునే చోట. అప్పట్లో నైరా విలువ డాలరు కంటే ఎక్కువ, ఈ మాట చెబితే మా పిల్ల నమ్మదు. ఇంటి నిండా జపాను సామాన్లే. 1983 జనవరిలో కాగితాల్లేని విదేశీయులందరూ వెళ్ళిపొమ్మని ఉత్తర్వు వేశారు. ఘనా వాళ్ళే లక్షల్లో వెళ్ళారు. వాళ్ళు మూట కట్టుకున్న గళ్ళ సంచికి "ఘనా మస్ట్ గో" అని పేరే స్థిరపడిపోయింది. మా పక్క ఇంట్లో లెక్కల మాస్టారు ఘనా ఆయనే. మాకు కాగితాలున్నాయి కాబట్టి మమ్మల్ని ముట్టుకోలేదు. కానీ ఆ ఏడు చివర్లో సైనిక ప్రభుత్వం వచ్చింది, మరుసటి ఏడు ఏప్రిల్లో నోట్ల రంగులు మార్చేసింది. ఇంటికి డబ్బు పంపాలంటే అనుమతి, ఆ అనుమతికి వరస, ఆ వరసకి నెలలు. మా జీతాలూ ఆలస్యమే. ఏ రాష్ట్రమో పేరు చెప్పను, ఇప్పుడు ఎవర్ననుకుని ఏం లాభం? 1986లో నైరాని బజారుకి వదిలేసరికి బ్యాంకులో చిక్కుకున్న పొదుపు కళ్ళముందే కరిగింది. చేతికొచ్చిన జీతం వేరు, ఊరికి చేరిన జీతం వేరు. ఈ రెండూ ఒకటే అనుకునే వాళ్ళకే ఈ కాలంలో పట్టికలు నిండుతున్నాయి.

ఇప్పటి తమాషా చూడండి. కొరియా వాళ్ళు ఇంగ్లీషు టీచరు వీసాకి ఏడు దేశాల వాళ్ళనే పిలుస్తారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మనకీ చిన్న కిటికీ ఒకటుంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన మన రెండు దేశాల వాణిజ్య ఒప్పందంలో మన టీచర్లకీ బళ్ళలో అవకాశం రాశారు. డిగ్రీ, ఉపాధ్యాయ అర్హత రెండూ ఉండాలి. అమెరికా వాడికైతే చరిత్రలో డిగ్రీ ఉన్నా చాలు. చైనాలోనూ పుట్టుకతో ఇంగ్లీషు వాళ్ళకే పెద్దపీట. పైగా 2021 జులైలో ఒక్క ఉత్తర్వుతో ట్యూషన్ కంపెనీల నడుం విరిచారు, వాటిని నమ్ముకుని వెళ్ళిన తెల్లవాళ్ళు కూడా పెట్టెలు సర్దుకున్నారు. పాస్‌పోర్టు రంగు వాళ్ళనీ కాపాడలేదు, అదొక్కటే నాకు కాస్త తృప్తి. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది.

జపాను నిబంధన ఇంకా విచిత్రం. ఏ భాష నేర్పుతావో ఆ భాషలో 12 ఏళ్ళు చదివి ఉండాలట. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే కాబట్టి మా పిల్లకి అడ్డు లేదు. నేను ఎస్సెస్సెల్సీ దాకా తెలుగులో చదివినవాణ్ణి. రెండు ఖండాల్లో ఇంగ్లీషు చెప్పొచ్చాను గానీ జపాను గుమ్మంలో నేను పనికిరాను. అసలు ఆ దేశానికి ఇంగ్లీషు టీచరు ఎంత ఇచ్చాడో చూడండి. ఏ.ఎస్. హార్న్‌బీ 1924లో ఓయితా అనే ఊరికి పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. జపాను పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ఏళ్ళ తరబడి గమనించి నిఘంటువు కూర్చాడు, అది 1942లో టోక్యోలో అచ్చయింది. ఆ పుస్తకమే తర్వాత ఆక్స్‌ఫర్డ్ వారి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయి మన ఇంటింటి అల్మారాలోకీ వచ్చింది. అంత చేసినవాణ్ణి యుద్ధం రాగానే నిర్బంధంలో పెట్టి, తర్వాత దేశం దాటించారు. పద్దెనిమిదేళ్ళు ఉన్నవాడి గతి అది! ఉండిపోదామనుకున్న దేశం మనల్ని ఉండనిస్తుందని రాసిచ్చిందెవరు?

గల్ఫు సంగతి వేరు. అక్కడ ముందే చెప్పేస్తారు, నువ్వు అతిథివి అని. పౌరసత్వం ఆశ పెట్టరు, పింఛను ఊసెత్తరు. ఆదాయపు పన్ను లేదు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి అయిదేళ్ళకీ ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం గ్రాట్యుటీ. అంటే ఇరవయ్యేళ్ళు చేస్తే పదిహేడున్నర నెలలు. కానీ మధ్యలో నువ్వే రాజీనామా ఇచ్చావా, రెండేళ్ళలోపైతే సున్నా, అయిదు నిండకపోతే మూడో వంతు, పది నిండకపోతే మూడింట రెండొంతులు. ఇది తెలియక ఇరాన్ ఖర్జూరం మంచిదా మదీనా ఖర్జూరం మంచిదా అని చర్చించేవాళ్ళని చూశాను. సౌదీలోనూ ఒమన్‌లోనూ "మా ఉద్యోగాలు మా పిల్లలకే" అంటున్నారు ఇప్పుడు. తప్పేముంది, వాళ్ళ దేశం.

మళ్ళీ ఇథియోపియాకి వస్తాను. 2000 తర్వాత అక్కడ యూనివర్సిటీలు పదుల్లో పెట్టారు, మన ఆంధ్రా, తెలంగాణ పీహెచ్‌డీలు బోలెడుమంది వెళ్ళారు. అలాగే లిబియా వెళ్ళినవాళ్ళు 2011లో, యెమెన్ వెళ్ళినవాళ్ళు 2015లో, యుద్ధాలొచ్చి మన ప్రభుత్వం పంపిన ఓడల్లోనూ విమానాల్లోనూ తిరిగొచ్చారు. ఇథియోపియాలో నా కాలంలో డాలరుకి రెండున్న బిర్రు 2024 జులైలో బజారుకి వదిలాక వంద దాటింది. అక్కడ బిర్రుల్లో జీతం తీసుకునే కుర్రాడు ఇంటికేం పంపుతాడు? డాలర్లలో రాయించుకున్నవాడికి ఆ బాధ లేదు. ఒక్క మాట తేడా, కాంట్రాక్టులో.

ఇవన్నీ చెబితే, "నువ్వు భయపెడతావు తాతయ్యా, అయినా నువ్వు వెళ్ళలేదా?" అంటుంది. వెళ్ళాను. తెనాలిలో ఇల్లు, ఇద్దరు కూతుళ్ళ చదువులు ఆ డబ్బే. వెళ్ళొద్దని నేనెప్పుడన్నాను? ఇంగ్లీషు బోధనకిచ్చే టెసాల్ సర్టిఫికెట్టు కావాలంటే చేసుకో. డిగ్రీలకి ముద్రలు కొట్టించుకో, అసలు కాగితాలు మాత్రం ఎవడి చేతిలోనూ వదిలెయ్యకు. అయిదేళ్ళ తర్వాత పెళ్ళయి పిల్లలు పుడితే వాళ్ళ బడి ఫీజు ఎవరిస్తారో ఇప్పుడే అడుగు. సిగ్గుపడి అడక్కపోతే అక్కడికెళ్ళాక జీతంలో సగం దానికే పోతుంది. మా రోజుల్లో అడిగే ధైర్యం లేకపోయినా రాసిచ్చేవాళ్ళు. ఇప్పుడు అడిగినా "కంపెనీ పాలసీ" అంటారు.

మొన్న ఒమన్ నుంచి ఒప్పందం వచ్చింది, కాలేజీ నేరుగా కాదు, మధ్యలో ఓ కంపెనీ. ప్రింటు తీయించి పట్రావే, ఎర్ర పెన్సిలుతో చూసిస్తానన్నాను. "పీడీఎఫ్ పంపా కదా తాతయ్యా, ఫోన్లోనే చూసెయ్" అంది. వేలితో పెద్దది చేస్తే వాక్యం సగం పక్కకి పోతుంది, చిన్నది చేస్తే చీమల బారు. అలాగే కుస్తీపట్లు పట్టి, మనమే మానేస్తే ఏమిస్తారన్న పేజీ దాకా వచ్చేసరికి చార్జింగు అయిపోయింది.