దగ్గితే దగ్గాలా?

పెదపారుపూడిలో ఆర్‌ఎంపీ డాక్టరు "ఏం కాదులే అమ్మాయ్, రేపటికి లేచి తిరుగుతావు" అని భుజం తడితే అది ధైర్యం చెప్పడం. అదే పని ఏసీ గదిలో సూటేసుకుని చేస్తే న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. ఫీజు వేరే!

1970లలో కాలిఫోర్నియాలో రిచర్డ్ బ్యాండ్లర్, జాన్ గ్రైండర్ పుట్టించిన విద్య ఇది. రోగి గడ్డం కింద చెయ్యి పెడితే థెరపిస్టూ పెట్టాలి, కాలు మీద కాలేస్తే తానూ వెయ్యాలి. దగ్గితే సంగతేంటో మరి! రోగి కుడివైపు పైకి చూశాడా, అబద్ధమాడుతున్నట్టేనట. 2012లో బ్రిటన్ పరిశోధకులు పరీక్షిస్తే కళ్లకూ అబద్ధాలకూ ఏ చుట్టరికమూ తేలలేదు. అదే ఏడాది బ్రిటిష్ జర్నల్ ఆఫ్ జనరల్ ప్రాక్టీస్‌లో వచ్చిన సమీక్ష, దీనితో ఆరోగ్యం బాగుపడుతుందనడానికి ఆధారాలు అంతంతమాత్రమేనంది.

మంచిమాటను కాదనేదెవరు? పేచీ అంతా సర్టిఫికెట్‌తోనే. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఏళ్లతరబడి చదవాలి, రిజిస్టరు చేయించుకోవాలి. ఇక్కడ నాలుగు రోజుల క్లాసులతోనే 'ప్రాక్టీషనర్'లు తయారు. గుడివాడలో స్కూటర్ లైసెన్సుకైనా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని నెల ఆగాలి!

దిగులు తగ్గనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, పైసా అడగరు.