రేడియేటరోపదేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. వాటి యజమానుల మొండితనం మాత్రం ఆగలేదు. అలాంటి ఒకాయన సకుటుంబంగా అనంతగిరి ఘాటు మీదుగా అరకు బయల్దేరుతుంటే, షెడ్డు మేస్త్రీ బానెట్ దించుతూ చెప్పిన తేటగీతి ఇది.

వేడి బండికి మూతను విప్పబోకు;
ఘాటురోడ్డున ముల్లుపైఁ గన్ను నిలిపి,
సగము కూలంటు, సగమును స్వచ్ఛజలము
పోయువానికి దారిలో పొగలు లేవు.

ప్రతిపదార్థం: వేడి బండికి = ఇంజను కాగి ఉన్న కారుకు; మూతను = రేడియేటరు మూతను; విప్పబోకు = తీయడానికి పూనుకోకు (పక్కసీట్లోని బావమరిదికీ ఇది వర్తిస్తుంది); ముల్లుపైఁ గన్ను నిలిపి = టెంపరేచర్ మీటరును కనిపెడుతూ; స్వచ్ఛజలము = డిస్టిల్డ్ వాటరు; పొగలు = ఆవిర్లు అని లక్ష్యార్థం.

ఆక్షేపం: ఘాటులో ముల్లును చూస్తూ నీళ్లెలా పోస్తారు? ఒక చేత స్టీరింగు, రెండో చేత డబ్బానా? సమాధానం: ఇది దూరాన్వయం. చూడడం దారిలో, పోయడం ఇంటి దగ్గర, ఇంజను పూర్తిగా చల్లారాక.

తాత్పర్యం: మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. అరకు అంత ఎత్తున 97 దగ్గరే. మూత గట్టిగా ఉండి లోపల 7 పౌండ్ల ఒత్తిడి నిలిస్తే, నేల మీద సుమారు 111 దాకా మరగవు. కూలంటు కలిస్తే ఇంకాస్త పైకి. కాబట్టి 105 దగ్గర నిమ్మళంగా ఉన్న నీరు, మూత తీసిన మరుక్షణం ఆవిరై మొహాన కొడుతుంది. మూత రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు. వందలు పోసి కూలంటు కొని, మూత దగ్గర పిసినారితనం చూపేవాళ్లను ఏ శాస్త్రమూ రక్షించలేదు.

పాఠాంతరం: కొందరు “స్వచ్ఛజలము” బదులు “బోరుజలము” అని చదువుతారు. అందులో యతిభంగం ఉంది. బోరునీటి ఉప్పు గొట్టాల్లో పేరుకుంటుంది గనుక రేడియేటరు భంగమూ ఉంది. త్యాజ్యం.

మతాంతర ఖండనం: “బండి వేడెక్కుతోందా, థర్మోస్టాట్ పీకెయ్” అనే షెడ్డు సంప్రదాయం ఒకటుంది. పూర్వపక్షులు చాలామందే. ఆ చిన్న మైనపు కవాటం సుమారు 82 డిగ్రీల దాకా మూసుకుని ఉండి, ఇంజను త్వరగా కాగేలా చూస్తుంది. అది లేకపోతే చలికాలం పొద్దున బండి ఎంతసేపటికీ కాగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు అరుగుతాయి. వేడి ఇంజనుకు శత్రువు కాదు, హద్దు దాటిన వేడే శత్రువు. చెడిపోతే కొత్తది వేయాలి గానీ చోటు ఖాళీగా వదలడం వైద్యం కాదు.

విశేషం: నీటిపంపునూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు, దాన్ని తిప్పేది ఇంజను. ఎత్తులో మూడో గేరులో మూలుగుతూ ఎక్కిస్తే ఫ్యానూ మూలుగుతుంది. రెండో గేరుకు దించండి. ముల్లు ఎర్రగీత వైపు జరిగితే పక్కకు తీసి, ఆపి, అరగంటకు తక్కువ కాకుండా ఆగండి. సైలెన్సరులోంచి తెల్లపొగ ఆగకుండా వస్తూ, ఆయిలు మూత అడుగున తెల్లటి నురగ కనిపిస్తే మాత్రం “పొగలు” అన్నది వాచ్యార్థమే: హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించి, బండిని షెడ్డుకు లాగించండి.

పద్యంలో లేనిది ఒకటి: పాత కూలంటును వీధి కాలవలో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతక విషం.