అమ్మేకి కాదప్పా!

ఆదోనిలో పాత మోటారు సైకిల్ బేరం ‘ఇది అమ్మేకి కాదప్పా’ అన్న మాటతోనే మొదలవుతుంది. బెంగళూరు నుంచి వచ్చినవాడు ఈ వ్యవహారానికి కొత్తయితే ఆ మాట నమ్మి, టీ తాగి, వచ్చిన దారినే పోతాడు. ఆరితేరినవాడైతే కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంటాడు.

ఆ మాట అనే పెద్దమనిషిని జావా అన్న అనుకుందాం. ఇలాంటి అన్నలు ఎమ్మిగనూరులోనూ దొరుకుతారు, బళ్లారిలోనూ దొరుకుతారు. వయసు అరవైకి అటో ఇటో. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్పార్క్ ప్లగ్గు. ఏం చేస్తుంటారన్నా అని అడిగితే మార్కెట్ యార్డులో పత్తి కమీషనని చెబుతాడు. అబద్ధమేమీ కాదు. పత్తి మీద వచ్చింది ఎటు పోతోందన్నది మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డు చూస్తేగానీ తెలియదు.

మాటల్లో పడితే ఐదు నిమిషాల్లో 1961కి వెళ్లిపోతాడు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి బండ్లు రావడం మొదలైన ఏడు అది. చెకోస్లోవేకియా నమూనా, 250 సీసీ. డెబ్బైల్లో పేరు మారి యెజ్డి అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఈ చరిత్ర అన్న నోట అయినవాళ్ల చావుకబురులా వస్తుంది. ఆ వెంటనే వచ్చినవాడికి ఒక పరీక్ష. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండెందుకు? గేరు రాడ్ యాడుంది, కిక్ రాడ్ యాడుంది? జావాలో రెండూ ఒకటే రాడ్. వెనక్కి తిప్పి తొక్కితే కిక్కు, ముందుకు వాలిస్తే గేరు. కొత్తవాడు రెండో రాడ్ కోసం బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే అన్నకు కలిగే ఆనందం అమ్మకంలో కూడా రాదు. ఆ క్షణంలోనే ధర పదివేలు పెరుగుతుంది. తెలియనివాడికి తక్కువకిస్తే బండికి మర్యాద ఉండదని ఆయన సిద్ధాంతం.

తానే కొనేటప్పుడు మాత్రం అన్న వేరే మనిషి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో బ్రోకర్లు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టు, ముందు ఛాసిస్ నంబరు చూస్తాడు. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడుస్తాడు. పైన కాగితం పెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దుతాడు. అంకెలు ఒక్కొక్కటే తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తాడు. అంకెల వరస వంకరగా ఉందా, ఒకటి లోతుగా ఒకటి పైపైన పడిందా, ఇక ఆ బండి ముఖం చూడడు. ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్సీలో ఉన్నట్టే ఉంటే మాత్రం పెదవి విరిచి, ‘ఇదేం బండిలే’ అంటాడు. బండి బాగుందని దానర్థం.

అమ్మకానికి బండితో పాటు కథ కూడా ఉండాలి. అన్న దగ్గర ప్రతి బండికీ మొదటి యజమాని ఒక డాక్టరు గారే. వానలో తీయలేదు, రాళ్లదారిలో పోనీలేదు. పాలక్యాన్లు మోసి మోసి వంగిన రాజ్‌దూత్‌కు కూడా డాక్టరు గారే! యమహా ఆర్ఎక్స్ 100 అయితే తప్పకుండా 1985 నాటి మొదటి లాటే, జపాన్ సామాను వేసిందే. రాయలసీమలో మొదటి లాటని చెప్పుకునే బండ్లన్నీ ఒకచోట చేరిస్తే జపాన్‌లో ఆ ఏడు వేరే పనేమీ జరగలేదని తేలుతుంది. 2018లో ‘ఆర్ఎక్స్ 100’ సినిమా వచ్చినప్పటి నుంచి కుర్రాళ్లకు ఆ బండి మీద ఇంకా మోజు పెరిగిందంటాడు అన్న. సినిమా ఆయన చూడలేదు. పోస్టరు చూసి ధర పెంచాడు.

బుల్లెట్ చూపించడమైతే పూజే. పాతదానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. తాళం తిప్పి, డీకంప్రెషన్ లీవరు పట్టి, ఆమ్‌మీటరు ముల్లు నడుమకు వచ్చేదాకా కిక్ రాడ్‌ను నెమ్మదిగా దించాలి. అప్పుడు లీవరు వదిలి ఒక్క తొక్కు. ముల్లు కుదరకముందే తొందరపడి తొక్కినవాడి పిక్కను ఆ రాడ్ తిరిగొచ్చి పలకరిస్తుంది. అందుకే కొనేవాడి చేత తొక్కించడు. ఇంకో పక్క డీజిల్ బుల్లెట్ ఉంది, 325 సీసీ, ఆరున్నర గుర్రాల బలం. లీటరుకు డెబ్బై కిలోమీటర్లకు పైనే ఇస్తుందని గర్వంగా చెబుతాడు. ఆ డెబ్బై పోవడానికి ఎంతసేపు పడుతుందో మీరు అడగాలి.

అన్నకు నిజంగా నిద్రలేకుండా చేసింది 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లే వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు. కానీ ఆ బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలుకూ రిపేరుకూ తప్ప రోజువారీగా తిప్పకూడదు. పొద్దున్నే జావా మీద యార్డుకు పోయే మనిషికి ఇదొక ధర్మసంకటం. హోదా కావాలా, సవారీ కావాలా? వేళ్ల మీద లెక్క వేసి, 1985 ఆర్ఎక్స్‌కు యాభై నిండేది 2035లో కాబట్టి అప్పటిదాకా దాన్ని కదిలించేది లేదని తీర్మానించుకున్నాడు.

ప్రపంచ మార్కెట్టూ ఆయనకు కంఠతా వచ్చు. 2023 జనవరిలో లాస్‌వేగాస్ వేలంలో 1908 నాటి హార్లే డేవిడ్‌సన్ 9,35,000 డాలర్లకు పోయింది. మన లెక్కలో ఏడు కోట్లకు పైమాట. ఆ కబురు విన్నరోజు సాయంత్రమే షెడ్డులోని రాజ్‌దూత్ ధర పెరిగింది. హార్లేకూ పోలెండ్ నమూనా రాజ్‌దూత్‌కూ ఏం చుట్టరికమంటే, ‘రెండు చక్రాలే కదప్పా’ అన్నాడు.

ఇంత చేసి, బెంగళూరు కుర్రాడు జావాకు అడిగినంతా బేరమాడకుండా ఒప్పుకుంటే అన్న ముఖం వాడిపోయింది. తక్కువ చెప్పానేమోనని గుబులు. ఆర్సీ ఇంకా చనిపోయిన పెద్దాయన పేరునే ఉందని, వారసులు ఆరుగురని, అందులో ఒకరు మస్కట్‌లో ఉన్నారని, సంతకాలు వచ్చేసరికి ఉగాది దాటుతుందని అప్పటికప్పుడు చెప్పుకొచ్చాడు.

టీ గ్లాసులు తీయడానికి వచ్చిన వదిన అంతా విని, కుర్రాడి వైపు తిరిగింది. ‘ఆ గోనెపట్ట కింద రాజ్‌దూత్ ఉంది, దాన్నన్నా తీస్కపో నాయనా. జొన్న మూటలు పెట్టుకునేకి జాగా లేదు.’

‘దానికి బేరం వచ్చిందే!’ అని అన్న ఉలిక్కిపడ్డాడు. ‘కోయంబత్తూరాయన చూసిపోయినాడు కదా.’

‘ఆయప్ప చూసిపోయి నాలుగేండ్లయింది’ అంది వదిన.